లేత గులాబి దగ్గర ఆగాలి

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మనవరాలు పదకొండో క్లాసు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కు సాధన చేస్తోంది. తెర మీద ఒక బ్యూరెట్టు బొమ్మ, దాని కింద ఒక ఫ్లాస్కు బొమ్మ. మౌసు ఒకసారి నొక్కితే పైనుంచి ఒక చుక్క పడుతుంది. చేతికి తడి లేదు, ముక్కుకు వాసన లేదు, గాజు సామాను పగిలితే ఎవరో వచ్చి అరుస్తారన్న భయం లేదు. మా పిల్లకు ఓపిక తక్కువ. టకటకా నొక్కేసింది, ఫ్లాస్కంతా ముదురు గులాబి అయిపోయింది. "మళ్ళీ దాటిపోయింది అమ్మమ్మా. లేత గులాబి రాగానే ఆపాలంట. అది ఎప్పుడు వస్తుందో నాకైతే తెలియడమే లేదు" అంది. అనపకాయలు ఒలుస్తున్నదాన్ని చెయ్యి ఆపేశాను. దాదాపు ఇదే మాట, ఇంతకంటే చాలా మెల్లగా, చాలా కష్టపడి, నా పక్కన నిలబడి అన్నవాడు ఒకడున్నాడు. వాడు మా అన్న.

అన్న అంటే పెదనాయన కొడుకు. నాకంటే కొన్ని నెలలే పెద్ద, అయినా ఆ నెలల్ని జీవితాంతం వదల్లేదు. బళేపేటలో మాది గాజుల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. మా ముత్తాత అనంతపురం పక్కనుంచి తలమీద గాజుల మలారం పెట్టుకుని వచ్చాడని మా అవ్వ చెప్పేది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ. ఆ కోపం ఎక్కువగా మా పెదనాయనదే. ఆయన గొంతు సందు చివరిదాకా వినిపించేది. ఒకరోజు మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అని పెద్దమ్మ మిరియాల కషాయం కాచేది. మా నాన్న బ్యాంకులో గుమాస్తా కాబట్టి అంగడి భారమంతా పెదనాయనదే. ఆ భారం తర్వాత ఎవరి నెత్తికి వస్తుందో అందరికీ తెలుసు. పెదనాయనకు ఒక్కడే కొడుకు.

గాజులు తొడగడంలో మా అన్నకు పుట్టుకతో వచ్చిన నేర్పు ఉండేది. ఆడవాళ్ళు చెయ్యి చాపితే వేళ్ళ మొదట్లో ఒకసారి మెత్తగా నొక్కి చూసి సైజు చెప్పేవాడు, తప్పేది కాదు. ఎంత బిగుతు గాజైనా మాటల్లో పెట్టి మణికట్టు దాటించేవాడు. పగిలిన గాజు శబ్దం వాడి దగ్గర నేను విన్నది చాలా తక్కువ. కానీ రంగుల దగ్గరికి వచ్చేసరికి అంతా తారుమారు. పచ్చవి అడిగితే మెరూన్‌వి, మెరూన్‌వి అడిగితే కాఫీరంగువి. పెట్టెలు ఏ అరలో ఏ వరసలో ఉన్నాయో గుర్తుపెట్టుకుని కొంతకాలం నెట్టుకొచ్చేవాడు. కొత్త సరుకు వచ్చి వరస మారిందా, ఆ వారమంతా మాకు కిందినుంచి పెదనాయన కేకలే. వాడికి కండ్లు లేవనీ, బుద్ధి లేదనీ తిట్టేవాడు. తిట్ల వెనక ఆయనకు ఇంకో అనుమానం ఉండేదని నాకు తర్వాత తెలిసింది. కొడుకుకు అంగడంటే ఇష్టం లేదు, తప్పించుకోవడానికి కావాలనే రంగులు తప్పిస్తున్నాడు అని ఆయన నమ్మకం. వాడు సైన్సు చదువుతానని పట్టుబట్టడంతో ఆ నమ్మకం గట్టిపడింది. ఒక్క సబ్జెక్టు తప్పినా పుస్తకాలు అటకమీదికి, నువ్వు గల్లా పక్కకి అని షరతు పెట్టి పీయూసీలో, అంటే ఇంటర్‌లో, చేర్చాడు. నేనూ అదే కాలేజీలో, అదే సెక్షన్‌లో. మా ఇంటి పేర్లు ఒకటే కాబట్టి ల్యాబులో పక్కపక్క నంబర్లు, ఒకటే బల్ల.

ఆ ల్యాబు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పైకప్పు ఎత్తు, కిటికీలకు దుమ్ము, ఆసిడ్ పడి మచ్చలు పడిన చెక్క బల్లలు. పక్క సెక్షన్ వాళ్ళు ఏదో ఉప్పును పరీక్షిస్తుంటే కుళ్ళిన గుడ్ల వాసన. పిపెట్టును నోటితోనే పీల్చాలి. ఆల్కలీ అయితే సబ్బు నాకినట్టు నాలుక జారేది, ఆ రోజు పెద్దమ్మ కట్టిచ్చిన చిత్రాన్నానికి కూడా అదే రుచి. మా కెమిస్ట్రీ మేడమ్‌ది కోలారు పక్క. క్లాసులో ఇంగ్లీషు, మాకు అర్థం కాలేదని తోస్తే చటుక్కున తెలుగులోకి దిగేది. టైట్రేషన్ మొదలుపెట్టిన రోజు మా ఇద్దరి బల్ల దగ్గర నిలబడి, ఇంట్లో ఆరతి నీళ్ళు ఎట్లా కలుపుతారు అని అడిగింది. పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా అవుతుందని చెప్పాను. పసుపు సున్నాన్ని కనిపెట్టి చెప్తోంది, ఇదీ అంతే అంది. కింద ఫ్లాస్కులో కొలిచి పోసిన ఆసిడ్, అందులో ఫినాఫ్తలీన్ అనే ఇండికేటరు రెండు చుక్కలు. పైన బ్యూరెట్టులో సున్నంలాంటి ఆల్కలీ. ఆసిడ్ ఉన్నంతసేపూ ఫ్లాస్కు మంచినీళ్ళలా ఉంటుంది. అది అయిపోయిన క్షణాన పడే ఒక్క చుక్కకు లేత గులాబి వచ్చి నిలుస్తుంది. అక్కడ ఆగాలి. ఎంత ఆల్కలీ పట్టిందో చూసుకుని లెక్క కట్టాలి. ఒక్క చుక్క దాటినా లెక్క తప్పే. ఈ పని తొందరపాటు మనుషులకు రాదు అని చెప్పి, ఎందుకో నా వైపు చూసింది.

మొదట్లో జంటగా చేయించేవాళ్ళు. మా అన్న బ్యూరెట్టు తిప్పేవాడు, నేను ఫ్లాస్కు ఆడిస్తూ రంగు చూసి "ఆపు" అనేదాన్ని. నేను అన్న మరుక్షణం వాడి వేళ్ళు బిగిసేవి. గాజులు తొడిగిన చెయ్యి కదా, చుక్కలో సగం కూడా రాల్చగలిగేవాడు. మా రీడింగులు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు వచ్చేవి. మేడమ్ పక్క బల్లల వాళ్ళను పిలిచి వాడి చేతిని చూపించేది. వాడు ఇంటికి వచ్చి అంగట్లో పడే తిట్లన్నీ ఆ రోజుకు నవ్వుతూ భరించేవాడు.

రెండో సంవత్సరం, వినాయక చవితి ముందురోజు వచ్చే గౌరిపండుగకు కొంచెం ముందు, ఒక్కొక్కరే చేయాల్సిన పరీక్ష పెట్టారు. నన్ను ఆ చివరికి పంపించి వాడిని ఈ బల్ల దగ్గరే ఉంచారు. నా పని ముగించుకుని చూస్తే వాడి ముందు మూడు ఫ్లాస్కులు, మూడూ బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలాగా ఉన్నాయి. రీడింగులు ఒకటి తూర్పు, ఒకటి పడమర. మేడమ్ కాగితం చూసి, ఫ్లాస్కులు చూసి, ముగ్గురు మనుషులు చేసినట్టుంది అంది. ఇన్నాళ్ళూ చెల్లెలి కండ్లతో నెట్టుకొచ్చావా, పరీక్ష రోజున ఆమె నీ పక్కన ఉండదు అని గట్టిగానే మందలించింది. వాడు తల వంచుకున్నాడు. దారిలో ఏమైందని అడిగితే ధ్యాస తప్పింది అన్నాడు. ధ్యాస తప్పినవాడి ముఖం అట్లా ఉండదని నాకు తెలుసు. కానీ ఆ ముఖానికి ఇంకే పేరు పెట్టాలో నాకూ తెలియదు.

ఆ వారమే మేడమ్ మా అంగడికి వచ్చింది. పండుగ ముందు రోజులు, సందులో అడుగు తీసి అడుగు వేయడానికి సందులేదు. అప్పుడే కొత్త సరుకు దిగింది, పెట్టెలన్నీ వరస తప్పి ఉన్నాయి. నేను పక్కన కూర్చుని కొన్నవాళ్ళకు గాజులు కాగితంలో చుట్టి ఇస్తున్నాను. మేడమ్ చెయ్యి చాపి పచ్చగాజులు కావాలంది. మా అన్న సైజు చూశాడు, చేతికి అందిన పెట్టె తీశాడు, నెమ్మదిగా, నొప్పి తెలియకుండా గాజులు తొడిగాడు. అన్నీ మెరూన్ రంగువి. నేను నోరు తెరిచేలోపే గల్లా దగ్గరనుంచి పెదనాయన చూశాడు. పదిమంది ఆడవాళ్ళ ముందు, కండ్లు యాడ పెట్టినావురా అని లేచి చెయ్యెత్తాడు. మేడమ్ తన చేతిని వెనక్కి తీసుకోలేదు. "నేను అడిగినవే ఇచ్చినాడప్పా, మెరూనే కావాలన్నాను" అంది. పెదనాయన చెయ్యి దించాడు. ఆమె ఆ గాజులతోనే వెళ్ళిపోయింది. గౌరిపండుగకు పచ్చగాజులు లేకుండా వెళ్ళిన ముత్తైదువ బళేపేట మొత్తంలో ఆ రోజు ఆమె ఒక్కతే అయివుంటుంది. వెళ్ళేముందు మా అన్న ముఖంలోకి చాలాసేపు చూసింది.

పండుగ అయ్యాక, ల్యాబు ముగిసి అందరూ వెళ్ళిపోయాక మమ్మల్నిద్దరినీ ఉండమంది. తెల్ల టైలు మీద మూడు ఫ్లాస్కులు పెట్టింది. రెండింటిలో ఉత్త నీళ్ళు, ఒకదానిలో లేత గులాబి. ఇందులో ఏది వేరేగా ఉందో చెప్పమంది. మా అన్న వంగి చూశాడు, పక్కకు జరిగి చూశాడు, చివరికి నీళ్ళున్న ఫ్లాస్కును చూపించాడు. ఆమె బ్యాగులోంచి ఒక పచ్చగాజు, ఒక మెరూన్ గాజు తీసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు వాటిని కిటికీ వెలుగులో తిప్పితిప్పి చూశాడు.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయి మేడమ్" అన్నాడు. గాజులు తిరిగి ఇస్తూ, "అందరికీ ఇంతే కనిపిస్తాదనుకున్నా. గుర్తు పట్టేది నాకొక్కనికే రాలేదేమో అనుకున్నా. ఆ గులాబి ఎప్పుడొస్తాదో నాకు తెలిసేదే లేదు" అన్నాడు.

చెప్పింది అంతే. కానీ పదిహేడేళ్ళు వాడు ఒంటరిగా మోసినదంతా ఆ మాటల్లో ఉంది. మేడమ్ వాడి భుజం మీద చెయ్యి వేసింది. బుద్ధిలోనూ లోపం లేదు, శ్రద్ధలోనూ లోపం లేదు, కొన్ని కండ్లకు కొన్ని రంగులు తెలియవు, ఇట్లాంటివాళ్ళు మగపిల్లల్లో చాలామందే ఉంటారు అని నెమ్మదిగా విడమరిచి చెప్పింది. అంతకుముందు తాను మందలించినందుకు ఏమీ అనుకోవద్దంది. వాడు ఏడవలేదు. బల్ల మీద తడి లేకపోయినా గుడ్డ తీసుకుని తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె మాతో పాటే ఇంటికి వచ్చి మా పెద్దవాళ్ళందరికీ చెప్పింది. మా అవ్వ మొదట దిష్టి అంది, తర్వాత పిల్లాడికి చిన్నప్పుడు ఆముదం సరిగ్గా పెట్టలేదంది. ఇది తల్లి వైపునుంచి కొడుకుకు వస్తుంది అని మేడమ్ అనగానే పెద్దమ్మకు ఏదో గుర్తొచ్చింది. వాళ్ళ నాయన తోటలో మిరపకాయలు కోస్తే పండువీ పచ్చివీ కలిపి కోసేవాడట. ఊరంతా నవ్వేవాళ్ళట, ఆయనా నవ్వేవాడట. అయితే మీ పక్కనుంచే వచ్చిందన్నమాట అని అవ్వ తృప్తిగా కాఫీ తాగింది. కంటి డాక్టరు దగ్గర చుక్కల బొమ్మల పుస్తకం చూపించారు. మాకందరికీ అంకెలు కనిపించిన చోట మా అన్నకు చుక్కలే కనిపించాయి. దీనికి మందు లేదు, దీనివల్ల ప్రమాదమూ లేదు అని డాక్టరు చెప్పాడు.

వీటన్నిటి మధ్యా మా పెదనాయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజునుంచి కేకలు ఆగిపోయాయి. ఇల్లంతా ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. కొడుకును తిట్టడమే కాదు, అంగట్లోకి పిలవడం కూడా మానేశాడు. పండుగలు వచ్చాయి, పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, జనం తోసుకుంటున్నా ఆయన ఒక్కడే కిందామీదా పడేవాడు గానీ, చదువుకోనీ, వానికి పని చెప్పొద్దండి అనేవాడు. మేమంతా సంతోషించాం. మా అన్న మాత్రం కుంగిపోయాడు. ఒకరోజు మేడ మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, కింద గాజుల గలగల వింటూ, "తిట్టినా బాగుండేది. ఇంక నాతో పని లేదని పక్కన పెట్టేసినాడు" అన్నాడు. నేను లెక్క ఎక్కడిదాకా వచ్చిందని అడిగాను.

మేడమ్ మాత్రం ఊరుకోలేదు. ఎక్కడో ఒక పెద్ద కాలేజీలో పనిచేసే స్నేహితురాలి దగ్గరనుంచి చిన్న సీసా ఒకటి తెచ్చింది. ఇది మన ఫినాఫ్తలీన్‌కు దాయాదే, దీనికి గులాబి బదులు నీలం వస్తుంది అంది. నీలమూ పసుపూ మా అన్నకు మనలాగే తెలుస్తాయి. ఆ రోజు వాడు ఒక్కడే బ్యూరెట్టు తిప్పాడు, ఒక్కడే ఫ్లాస్కు ఆడించాడు. నేను మేడమ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. అలవాటు చొప్పున నాలుక చివరికి వస్తున్న "ఆపు"ను మింగుతున్నాను. చుక్క పడినచోట నీలం మెరిసి మాయమైంది. ఇంకో చుక్క, మళ్ళీ మెరిసి కాస్త ఆలస్యంగా మాయమైంది. తర్వాతి చుక్క వాడు పూర్తిగా వదల్లేదు, సగం రాల్చాడు. ఫ్లాస్కంతా పలచగా నీలం పరుచుకుని నిలిచింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే వాడి వేళ్ళు బిగిశాయి. "ఆగింది" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. ఆ తర్వాత సీసాలో ఆసిడ్ అయిపోయేదాకా చేస్తూనే ఉన్నాడు. ఇంటికి పోదాం రా అంటే వినలేదు.

చివరి పరీక్షకు బయటనుంచి ఒక సారు వచ్చాడు. మేడమ్ ముందే డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించి, ఈ పిల్లాడికి వేరే ఇండికేటరు అనుమతించమని అడిగింది. ఆయన అంతకుముందు అట్లాంటిది చూడలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. రంగు ఏదైతే నాకేమి, లెక్క సరిగ్గా వస్తే చాలు అన్నాడు చివరికి. మా బల్లలన్నీ గులాబి, మధ్యలో ఒక్కచోట నీలం. ఆయన వాడి రీడింగులు చూసి తానే ఒకసారి కూడి చూసుకుని, తల ఊపి ముందుకు వెళ్ళాడు. ఆ తల ఊపుకు మేడమ్ కళ్ళు తడి కావడం నేను చూశాను. ఆమె మాత్రం ల్యాబులో పొగ ఎక్కువైందని కిటికీ తెరవబోయింది. కిటికీ అప్పటికే తెరిచి ఉంది.

మేము తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. మా అన్న మేడ ఎక్కలేదు. చాలా నెలల తర్వాత అంగడి గడప మీద నిలబడ్డాడు. నేను వాడి వెనకే. పెదనాయన తల ఎత్తి ఎట్లా అయిందని అడిగాడు. బాగా అయిందని, గులాబి బదులు నీలం రంగుతో చేశానని వాడు చెప్పాడు. పెదనాయన చేతిలోని గాజుల వరస పక్కన పెట్టి, నీలం తెలుస్తాదా నీకు అని అడిగాడు. తెలుస్తాది, పసుపు కూడా తెలుస్తాది అన్నాడు వాడు. ఆయన లేచి నిలబడి నాలుగు గోడలవైపూ మెల్లగా తిరిగి చూశాడు. కిందినుంచి పైదాకా, ఆయన జీవితమంతా పేర్చిన రంగులు. తర్వాత, నేనెప్పుడూ వినని గొంతుతో అడిగాడు.

"మన అంగడి నీకు ఎట్ల కనిపిస్తాదప్పా?"

కొడుకును ఆయన ముద్దుగా అప్పా అని పిలవడం నేను వినడం అదే మొదలు. మా అన్న కూడా నాలుగు గోడలూ చూశాడు.

"బాగుంటాది నాయనా. దీపం వేస్తే అన్నీ మెరుస్తాయి. చిన్నప్పటినుంచీ చూస్తా ఉండాను, నాకు చాలా ఇష్టం. దీన్ని విడిచి పోవాలని ఎప్పుడూ అనుకోలేదు."

పెదనాయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపే తుడుచుకున్నాడు. అంతలో ఎవరో తల్లీకూతుళ్ళు మెట్లెక్కి వస్తున్నారు. "రా, ఈ పక్క కూర్చో. వాళ్ళ చేతులు చూడు, రంగు నేను తీసిస్తా" అన్నాడు. మా అన్న కాలేజీ సంచీ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

వాడు పీయూసీ మంచి మార్కులతోనే దాటాడు, డిగ్రీ కూడా చదివాడు. ఆ తర్వాత ఎవరూ బలవంతపెట్టకుండానే అంగట్లో కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చుంటున్నాడు. "రంగు మీ ఇష్టం, సైజు నా బాధ్యత" అంటాడు వచ్చినవాళ్ళతో. మేడమ్ కొన్నేళ్ళకు వేరే ఊరికి మారిపోయింది. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి భోజనం చేసింది, పెదనాయన స్వయంగా వడ్డించాడు. ఆయన గొంతు మళ్ళీ సందు చివరిదాకా వినిపించడం మొదలైంది గానీ, అది కొడుకు మీద మాత్రం లేవలేదు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి, ఇది చిలకపచ్చ, ఇది వక్కరంగు, ఇది దానిమ్మ గింజ అని వాడికి చెప్పేవాడు. వాడు కనిపించినట్టే తల ఊపుతూ వినేవాడు. వాడికి ఆ రంగులు తెలియవని ఇద్దరికీ తెలుసు.

పెదనాయన పోయి చాలా కాలమైంది. నేను ఇప్పుడు అప్పటి ఆయనకంటే పెద్దదాన్ని. మా అమ్మాయి తన కూతురి మీద, ఏదో మరచిపోయిందనో, మాట వినలేదనో గొంతు పెంచినప్పుడు, ఆ గొంతులో కోపం ఎంత, భయం ఎంత అని నన్ను నేనే అడుగుతుంటాను. కొడుకు కళ్ళను తెలుసుకోవడానికి ఆయనకు పదిహేడేళ్ళు పట్టింది. ఆయన్ని, ఆ కేకల వెనక ఉన్న భయాన్ని తెలుసుకోవడానికి నాకు అంతకంటే చాలా ఎక్కువ పట్టింది, ఆయన వయసు నాకు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.